అమ్మాయి నేషనల్స్ ఆడింది, మా అమ్మ చూడలేకపోయింది. ఇలాంటి ఆటలు టీవీలో ఫ్రీగా రావాలా, యాప్‌లో డబ్బు కట్టే చూడాలా?

పల్నాటి_నాన్న:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక ఉన్నవాళ్లే చదవండి.

మా పాప కబడ్డీ ఆడుతుంది. జిల్లా అయింది, స్టేట్ అయింది, ఈసారి జూనియర్ నేషనల్స్‌కి టీంలో పేరొచ్చింది. వేరే రాష్ట్రం, రెండు రాత్రుల రైలు ప్రయాణం, టికెట్లు సగం మందికే కన్ఫర్మ్ అయ్యాయి, మిగతా పిల్లలు ఒక్కో బెర్తులో ఇద్దరేసి సర్దుకున్నారు. నాకు సెలవు దొరకలేదు. లైవ్ ఇస్తున్నారన్నారు, ఇంట్లో కూర్చుని చూద్దాంలే అనుకున్నా.

లైవ్ అంటే టీవీలో కాదు, యాప్‌లో. ఒక్క మ్యాచ్‌కి 49, టోర్నమెంట్ మొత్తానికి 149 రూపాయలు. అదేం పెద్ద డబ్బు కాదు, కట్టేశాను. అసలు తిప్పలు మా అమ్మ దగ్గర మొదలయ్యాయి. ఆవిడ ఊళ్లో ఉంటుంది, చేతిలో బటన్ ఫోను, ఇంట్లో టీవీ, కేబుల్ కనెక్షన్. మనవరాలు టీవీలో వస్తుందని వీధి వీధంతా చెప్పుకుంది. పదింటికి మ్యాచ్ అయితే తొమ్మిదిన్నరకే నలుగురు వచ్చి మంచం మీద కూర్చున్నారట. "ఏ నంబరు పెట్టాల్రా" అని ఫోను. టీవీలో రాదమ్మా, ఫోన్లోనే అంటే, "దేశం మొత్తానికి ఆట అన్నావు కదరా, మరి టీవీలో ఎందుకు రాదు?" అంది. నాకు ఏం చెప్పాలో తెలియలేదు.

పక్కింటి కుర్రాడి ఫోన్లో నా లాగిన్ పెట్టించా. ఓటీపీ నాకొస్తుంది, నేను చదివి చెప్పేలోపు టైం అయిపోతుంది. మూడోసారికి లోపలికి వెళ్లాడు. వాడు వెళ్లగానే నా ఫోన్లో ఆగిపోయింది, ఒక్క ఫోనుకే పర్మిషనట! పోన్లే అమ్మే చూడనీ అనుకున్నా. ఐదు నిమిషాలకి మళ్లీ ఫోను, "ఇందులో మన పిల్ల లేదురా, ఎవరో పచ్చ బనీన్ల వాళ్లు ఆడుతున్నారు" అని. సంగతేంటంటే అక్కడ ఒకేసారి నాలుగు మ్యాట్ల మీద నాలుగు మ్యాచ్‌లు నడుస్తున్నాయి, ఉన్న ఒక్క కెమెరా ఒకటో మ్యాట్ దగ్గర పెట్టారు. మా వాళ్లది మూడో మ్యాట్. అమ్మ మాత్రం ఫోను వదల్లేదు. కెమెరా ఎప్పుడో పక్కకి తిరిగినప్పుడు వెనకాల మసగ్గా ఒక పిల్ల కూతకి వెళ్లడం కనిపించిందట, జడ చూసి గుర్తుపట్టానంటుంది. రెండు సెకన్లు.

నా ప్రశ్న ఇదీ. ఈ పిల్లలకి జీతాల్లేవు, బూట్లు మేమే కొంటాం, గ్రౌండు ప్రభుత్వానిది, కోచ్‌కి జీతం ప్రభుత్వానిది. ఆట మాత్రం డబ్బు కట్టినవాళ్లకేనా? దూరదర్శన్ ఉన్నది ఇలాంటివాటికి కాదా? లేదంటే నేనే పాతకాలం మనిషిలా ఆలోచిస్తున్నానా?

---

కేబుల్_అన్న:

మీ అమ్మగారు అడిగిన ప్రశ్న నాకు రోజూ వస్తుందండీ, కాకపోతే క్రికెట్ గురించి. ఇరవై ఏళ్లుగా కేబుల్ వ్యాపారంలో ఉన్నా కాబట్టి తెలిసింది చెప్తా.

2007లో ఒక చట్టం వచ్చింది. దేశానికి ముఖ్యమైన ఆటలని ప్రభుత్వం ఒక లిస్టు ఇస్తుంది, ఆ లిస్టులో ఉన్న మ్యాచ్‌ని ఏ ప్రైవేటు చానెల్ లైవ్ వేసినా ఆ సిగ్నల్ ప్రసార భారతికి, అంటే దూరదర్శన్ నడిపే సంస్థకి కూడా ఇవ్వాలి. యాడ్స్ మీద వచ్చే డబ్బులో 75 వంతులు హక్కులు కొన్నవాళ్లకి, 25 ప్రసార భారతికి. ఒలింపిక్స్, ఆసియా క్రీడలు, ఇండియా ఆడే వన్డేలు, టీ20లు అన్నీ అందులో ఉన్నాయి. సంతోష్ ట్రోఫీ సెమీస్, ఫైనల్ కూడా ఉన్నాయి, అది చాలామందికి తెలీదు. జూనియర్ కబడ్డీ లేదు.

ఉన్నా మీ పని అయ్యేది కాదు, ఎందుకంటే చట్టం మాట్లాడేది టీవీ, రేడియో లైవ్ గురించి. 2007లో జనం ఫోన్లో మ్యాచ్ చూస్తారని ఎవరనుకున్నారు?

ఇంకో మెలిక ఉంది. అలా పంచుకున్న సిగ్నల్‌ని దూరదర్శన్ తన టవర్ల మీద, తన ఫ్రీ డిష్ మీద మాత్రమే చూపించాలి, కేబుల్‌కి వెళ్లకూడదు అని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అందుకే ఇండియా మ్యాచ్ రోజు కేబుల్లో డీడీ పెడితే మ్యాచ్ రాదు, జనం వచ్చి నా మీద అరుస్తారు. ఫ్రీ డిష్ గొడుగు పెట్టుకున్న వాడింట్లో మాత్రం ఉచితంగా వస్తుంది. నెలనెలా మూడొందలు కట్టేవాడికి లేదు, ఏమీ కట్టనివాడికి ఉంది. ఇది నేను ఎవరికి చెప్పినా నమ్మరు.

డీడీ సొంతంగా తీసే ఆటలకి ఈ గొడవ లేదు. డీడీ స్పోర్ట్స్ మేం కచ్చితంగా ఇవ్వాల్సిన చానెల్, మీ అమ్మగారి టీవీలో కూడా వస్తూ ఉంటుంది, ఏ నంబరో ఆవిడకి తెలీదంతే. 2025లో ఉత్తరాఖండ్‌లో జరిగిన నేషనల్ గేమ్స్ అందులో వచ్చాయి. నా కనెక్షన్లలో ఒక్కరంటే ఒక్కరు ఫోన్ చేసి ఆ చానెల్ రావట్లేదని కంప్లయింట్ చెయ్యలేదు. అదే సీరియల్ చానెల్ పది నిమిషాలు పోతే చూడాలి నా పరిస్థితి.

---

రిటైర్డ్_పీఈటీ:

నాన్నగారూ, ముందు పాపకి నా తరఫున శుభాకాంక్షలు. రైడరా, క్యాచరా చెప్పలేదు.

నేను ముప్పై ఏళ్లు పీఈటీగా చేశాను. ఒక విషయం నిజాయితీగా ఒప్పుకుందాం, ఫ్రీ టీవీ రోజుల్లో మాత్రం మన పిల్లల్ని ఎవరు చూపించారు? నేను నేషనల్స్‌కి తీసుకెళ్లిన పిల్లల ఆట వాళ్ల తల్లిదండ్రులు ఒక్కరు కూడా చూడలేదు. రాత్రి పదింటికి ఎస్టీడీ బూత్ నుంచి ఊళ్లో కిరాణా కొట్టుకి ఫోన్ చేసి స్కోరు చెబితే, కొట్టతను వెళ్లి ఇంట్లో చెప్పేవాడు. పేపర్లో జిల్లా ఎడిషన్లో నాలుగు లైన్లు వస్తే అది కత్తిరించి పెట్టుకునేవాళ్లు. రెండు సెకన్లయినా మీ అమ్మగారు జడ చూశారు. వెటకారంగా అనట్లేదు, మనస్ఫూర్తిగా అంటున్నా.

అయినా నా ఓటు ఫ్రీ టీవీకే. కారణం తల్లిదండ్రులు కాదు, వాళ్లు ఎలాగోలా చూస్తారు. చూడాలనుకోకుండా చూసేవాళ్లు నాకు ముఖ్యం. డబ్బు కట్టి లోపలికి వెళ్లేవాడికి ఆ ఆట ముందే తెలిసి ఉండాలి. చానెల్ మారుస్తూ మారుస్తూ పోతుంటే మధ్యలో ఏదో ఆట తగిలి, "ఇదేంటి బాగుందే" అని ఆగే పిల్లవాడు యాప్‌లో తగలడు. 2022 అక్టోబర్‌లో గుజరాత్ నేషనల్ గేమ్స్‌లో మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ వంద మీటర్ల హర్డిల్స్ 12.79 సెకన్లలో పరిగెత్తింది. వెనకనుంచి గాలి పరిమితికి మించి ఉందని అది రికార్డు లెక్కలోకి రాలేదు, అదే నెలలో బెంగళూరులో 12.82తో రికార్డు కొట్టింది. గాలి ఎక్కువుంటే టైం లెక్కలోకి రాదన్న ముక్క మా స్కూలు పిల్లలకి ఆ క్లిప్పు చూపించి చెప్పినప్పుడు, ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి లేచి "సార్, మరి ఎదురుగాలి వస్తే టైం తగ్గిస్తారా?" అని అడిగింది. తగ్గించరని చెబితే, అన్యాయం సార్ అంది. ఆ పిల్ల ఇప్పుడు హర్డిల్స్ నేర్చుకుంటోంది.

మన ఊళ్లో 2002లో నేషనల్ గేమ్స్ జరిగినప్పుడు, అంటే హైదరాబాద్‌లో, స్టేడియంలో కూర్చుని చూసిన పిల్లల్లో ఎంతమంది ఆటలోకి వచ్చారో నాకు తెలుసు. టీవీ ఆ స్టేడియాన్ని ప్రతి ఇంటికీ తేవాలి. తెస్తోందా అంటే, కేబుల్ అన్న చెప్పినట్టు, తెచ్చినా మనం నంబరు వెతకట్లేదు.

---

లైవ్_కుర్రాడు:

తిట్టుకోకండి, నేను ఇలాంటి లైవ్‌లు ఇచ్చే పనిలోనే ఉన్నా. ఏ కంపెనీ అని అడగొద్దు.

నాలుగు మ్యాట్లకి ఒక్క కెమెరా అంటే మీకు కోపం రావడం న్యాయమే. కానీ అవతల లెక్క చూడండి. ఒక మ్యాట్‌కి తక్కువలో తక్కువ రెండు కెమెరాలు, ఇద్దరు కెమెరామెన్లు, స్కోరు బాక్సు నడిపేవాడు ఒకడు, కామెంటరీ ఒకరు, ఏ కెమెరా బొమ్మ వెళ్లాలో మార్చే స్విచ్చర్ మీద ఒకరు, నమ్మకమైన నెట్ లైన్. ఇండోర్ స్టేడియంలో నెట్ లైన్ అడిగితే "రేపు వేస్తాం" అంటారు, ఆ రేపు ఫైనల్ రోజు వస్తుంది, అప్పటిదాకా నాలుగు కంపెనీల సిమ్ములు ఒక డబ్బాలో పెట్టి లాక్కొస్తాం. తిండి, లాడ్జి, ప్రయాణం మళ్లీ వేరే. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పది దాకా రోజుకి ముప్పై నలభై మ్యాచ్‌లు. చూసేవాళ్లు లీగ్ మ్యాచ్‌లకి వందల్లోనే ఉంటారు, దాదాపు అందరూ పిల్లల ఇంట్లోవాళ్లే. యాడ్ ఎవడిస్తాడు? అందుకని ఆ ఇంట్లోవాళ్ల దగ్గరే 49 తీసుకుంటారు. అది కూడా వద్దంటే ఆ ఒకటో మ్యాట్ కెమెరా కూడా ఉండదు.

డీడీ వస్తే లైవ్ సరంజామా అంతా ఉండే ఓబీ వ్యాన్ వేసుకుని ఘనంగా వస్తుంది, బొమ్మ బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ వచ్చేది పెద్ద పోటీలకి, అందులోనూ సెమీస్, ఫైనల్స్‌కి. మూడో మ్యాట్ మీద లీగ్ మ్యాచ్‌కి దేశంలో ఏ టీవీ రాదు, ఫ్రీ అయినా పెయిడ్ అయినా.

---

పల్నాటి_నాన్న:

@రిటైర్డ్_పీఈటీ మాస్టారూ, రైడరండీ. కుడి వైపు నుంచి వెళ్తుంది, బోనస్ బాగా తీస్తుంది. ఆ మ్యాచ్‌లో ఆరు పాయింట్లు తెచ్చిందని వాళ్ల కోచ్ చెప్తేనే తెలిసింది.

@లైవ్_కుర్రాడు తమ్ముడూ, నీ కష్టం అర్థమైంది, నిన్నేం అనట్లేదు. కానీ 149 తీసుకునేటప్పుడు "ఒకటో మ్యాట్ మాత్రమే" అని ఒక్క ముక్క రాయొచ్చుగా? "అన్ని మ్యాచ్‌లు లైవ్" అని రాశారు. ఇంకోటి, గ్యాలరీలో ఉన్న ఒక పేరెంట్ ఫోన్లో తీసి వాట్సాప్ గ్రూపులో లైవ్ పెట్టబోతే, హక్కులు అమ్మేశాం తియ్యకూడదని వలంటీర్లు ఆపేశారట. మీరు తియ్యరు, మమ్మల్ని తియ్యనివ్వరు. నా కడుపుమంట అక్కడ.

---

లైవ్_కుర్రాడు:

అది తప్పే అన్నా. దానికి నా దగ్గర జవాబు లేదు.

---

డబ్లిన్_బాబాయ్:

ఇదే గొడవ నేనుంటున్న ఐర్లాండ్‌లో పార్లమెంటు దాకా వెళ్లింది, అందుకే ఆగలేక రాస్తున్నా.

ఇక్కడ హర్లింగ్, గేలిక్ ఫుట్‌బాల్ అని రెండు సొంత ఆటలున్నాయి, 1884లో పెట్టిన జీఏఏ అనే సంఘం నడుపుతుంది. ఆటగాళ్లకి జీతాల్లేవు, పూర్తిగా అమెచ్యూర్. ఆదివారం 82 వేల మంది పట్టే క్రోక్ పార్క్‌లో ఆడినవాడు సోమవారం పొద్దున స్కూల్లో లెక్కలు చెప్తుంటాడు, లేదంటే ఆవులకి పాలు పితుకుతుంటాడు. మా వాడు కూడా ఇక్కడి క్లబ్‌లో హర్లింగ్ నేర్చుకుంటున్నాడు, హెల్మెట్ పెట్టుకుని వంకర కర్ర పట్టుకుని వెళ్తుంటే మా ఆవిడకి ప్రతి శనివారం టెన్షనే.

2014లో విదేశాల్లో ఉన్న ఐరిష్ వాళ్ల కోసం జీఏఏ, ఇక్కడి ప్రభుత్వ టీవీ ఆర్‌టీఈ కలిసి జీఏఏగో అని ఒక స్ట్రీమింగ్ పెట్టాయి. కొన్ని మ్యాచ్‌లు కొనుక్కున్న స్కై చానెల్ 2022 తర్వాత తప్పుకుంది. దాంతో 2023లో ఆ మ్యాచ్‌లతో కలిపి 38 చాంపియన్‌షిప్ మ్యాచ్‌లు దేశం లోపల కూడా ఆ స్ట్రీమింగ్‌లోనే పెట్టారు. ఒక్క మ్యాచ్ 12 యూరోలు, సీజన్ పాస్ 79. జనం ఓర్చుకునేవాళ్లేమో గానీ, మన్‌స్టర్ అనే ప్రాంతంలో లిమరిక్–క్లేర్, కార్క్–టిప్పరరీ హర్లింగ్ మ్యాచ్‌లు పోటాపోటీగా జరిగాయి, అవి రెండూ పేవాల్ వెనకే, అంటే డబ్బు కడితేనే. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే ఊరి తిరనాళ్ల ప్రభకి టికెట్ పెట్టినట్టయింది. అప్పట్లో ఉప ప్రధానిగా ఉన్న మీహాల్ మార్టిన్‌ది కార్కే, ఆయన కూడా ఇవి ఫ్రీగా రావాల్సిందని అన్నాడు. పార్లమెంటు కమిటీ రెండు సంస్థల వాళ్లనీ పిలిచి కూర్చోబెట్టి అడిగింది.

జనానికి ఎక్కడ మండిందంటే, ఇక్కడ టీవీ ఉన్న ప్రతి ఇల్లూ ఏడాదికి 160 యూరోల లైసెన్సు ఫీజు కట్టాలి, అది ఆర్‌టీఈకి వెళ్తుంది. ఆ ఫీజు కట్టాక అదే ఆర్‌టీఈకి సగం వాటా ఉన్న యాప్‌కి మళ్లీ కట్టాలా అని. మీరు గ్రౌండూ కోచూ ప్రభుత్వానివి అన్నారే, అచ్చం అదే.

మా పక్కింట్లో ఒక పెద్దాయన, రిటైరైన రైతు, భార్య లేదు. ఆ కార్క్ మ్యాచ్ రోజు తలుపు కొట్టి, "నువ్వు కంప్యూటర్ల పనిలో ఉన్నావుగా, ఇది పెట్టి పెట్టు" అని టీవీ రిమోట్ పట్టుకొచ్చాడు. రిమోట్ తీసుకుని రావడం చూస్తే నవ్వొచ్చింది, తర్వాత బాధేసింది. ఈమెయిల్ ఏంటంటే లేదన్నాడు. చివరికి నా అకౌంటుతో నా ల్యాప్‌టాప్ వైరు ఆయన టీవీకి గుచ్చి చూపించా. నాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా మొత్తం కూర్చున్నా, డ్రా అయింది. ఆయన రెండుసార్లు కుర్చీలోంచి లేచాడు, మోకాళ్ల నొప్పి ఏమైందో!

జీఏఏ వాళ్లది మరీ అన్యాయమని మాత్రం అనను. అంతకు ముందు చాలా మ్యాచ్‌లు అసలు ఏ టీవీలోనూ లైవ్ వచ్చేవి కాదు. ఆల్ ఐర్లాండ్ ఫైనల్స్ రెండూ ఫ్రీ టీవీలోనే రావాలని ప్రభుత్వ లిస్టులో ఉంది, దానికి ఎవరూ చెయ్యి పెట్టలేరు. తర్వాత ఆర్‌టీఈ ఆ యాప్ నుంచి తప్పుకుంది, 2025 నుంచి జీఏఏ ఒక్కటే జీఏఏ ప్లస్ అన్న పేరుతో నడుపుతోంది. పేవాల్ అయితే పోలేదు. నన్నడిగితే, ఫైనల్‌ని ఫ్రీ చెయ్యడం తేలిక, గొడవంతా కింద మ్యాచ్‌ల దగ్గరే. మీ మూడో మ్యాట్ అన్ని దేశాల్లోనూ ఉంది.

---

ఒంగోలు_స్పైకర్:

ఇంత చర్చ ఎందుకు బ్రో, మన బండలాగుడు పోటీలు చూడండి.

సంక్రాంతి, శివరాత్రి వస్తే ఏ ఊళ్లో ఎడ్లు దిగినా యూట్యూబ్‌లో పొద్దున్నుంచి రాత్రి దాకా లైవ్. ఎడ్లకి పళ్లని బట్టే విభాగాలు, పాలపళ్ల నుంచి సీనియర్స్ దాకా ఒక్క జత కూడా వదలరు. ఓటీపీ లేదు, పాస్ లేదు. మా తాత స్మార్ట్ టీవీలో మైకు బొమ్మ నొక్కి ఊరి పేరు చెప్తాడు, వచ్చేస్తుంది. డబ్బెక్కడిది అంటారా? విత్తనాల షాపు బ్యానరు, ట్రాక్టర్ షోరూం బ్యానరు, "ఫలానా వారి జ్ఞాపకార్థం మొదటి బహుమతి" అని మైకులో చదివే పేర్లు. పేరు చదివించుకోవడానికి జనం పోటీపడి ఇస్తారు. వాలీబాల్ టోర్నమెంట్లు కూడా మా వైపు అలాగే లాగుతున్నాం, రెండు ఫోన్లు, ఒక మైకు.

గిత్తలకి ఉన్న లైవ్ స్టేట్ టీం పిల్లలకి లేదంటే తప్పు టెక్నాలజీదా?

---

కేబుల్_అన్న:

@ఒంగోలు_స్పైకర్ మాట కరెక్టే గానీ, అక్కడ పోటీ పెట్టేది ఊరి కమిటీ. ఎవడైనా తీసుకోండి అంటారు. ఇక్కడ ఫెడరేషన్ హక్కులు ఒకడికే రాసిచ్చేసింది, అదీ తేడా. రాసిచ్చేటప్పుడే "నువ్వు తియ్యని మ్యాట్ ఎవడైనా తీసుకోవచ్చు" అని ఒక్క లైను పెడితే సగం సమస్య పోతుంది. మరో దారి, మీ స్టేట్ అసోసియేషన్ చేత డీడీ సప్తగిరికి ఒక లెటర్ పెట్టించండి, లైవ్ కాకపోయినా ఫైనల్స్ అరగంట చూపించమని. అడిగితే పోయేదేం లేదు.

---

రిటైర్డ్_పీఈటీ:

స్టేట్ మీట్‌కి ఈ హక్కుల గొడవ ఉండదు నాన్నగారూ, నాకు తెలిసినంతలో ఎవరూ కొనరు. నిర్వాహకుల్ని ఒక మాట అడిగి, అంపైర్ల టేబుల్‌కి అడ్డం రాకుండా, లాబీ గీతకి దూరంగా స్టాండు పెట్టుకోండి. ఫోను అడ్డంగా పట్టుకోవాలి, నిలువుగా తీస్తే కూతకెళ్లిన పిల్ల కనిపిస్తుంది, పట్టేవాళ్లు కనిపించరు. రైడర్ వెనక నుంచి కాదు, మిడ్ లైన్‌కి ఎదురుగా పెట్టండి.

---

పల్నాటి_నాన్న:

అందరికీ చాలా థాంక్స్. లెటర్ సంగతి అసోసియేషన్ సెక్రటరీతో మాట్లాడా, చూద్దాం అన్నారు.

వచ్చే నెల జిల్లా మీట్ మా దగ్గరే. మాస్టారు చెప్పినట్టు నిర్వాహకుల్ని అడిగితే, తీసుకోండి మాకేం అభ్యంతరం లేదన్నారు. స్పైకర్ చెప్పింది విని, పక్క ఊళ్లో బండలాగుడు లైవ్‌లు పెట్టే కుర్రాడికి నిన్న ఫోన్ చేశా. రెండు కెమెరాలు, మైకు అన్నీ ఉన్నాయి, వస్తానన్నాడు. జూనియర్స్, సీనియర్స్ రెండు విభాగాలు ఉంటాయి అని చెప్పబోతుంటే పూర్తిగా వినకుండానే, "సరే అన్నా, జూనియర్స్ అంటే ఎన్ని పళ్లు? మొత్తం ఎన్ని జతలు దిగుతున్నాయి?" అని అడిగాడు. కబడ్డీరా నాయనా అని చెప్పేసరికి రెండు నిమిషాలు నవ్వుకున్నాం.

అమ్మకి టీవీలో యూట్యూబ్ వచ్చేలా ఆ డబ్బా ఏదో ఒకటి కొనాలి. రిమోట్‌లో బటన్లు తక్కువ ఉండేది ఏదైనా ఉంటే చెప్పండి.